గుండెకు మేలు డబ్బాలో దొరుకుతుందా?



ఈ నెల ఒక గ్లాసు నీళ్ల సంగతితో మొదలుపెడతాను.

మూడేళ్ల క్రితం ఒక ఆదివారం మా పెదవేగి సంఘంలో ఆరాధన ముగిసి, ఆశీర్వాదం పలికిన తరువాత ఒక సహోదరుడు నా దగ్గరకు వచ్చాడు. ఊరు ఏలూరు. మా సంఘంలోని ఒక కుటుంబానికి దూరపు బంధువు. "అయ్యగారూ, ఒక్క పది నిమిషాలు ఇప్పించండి. గుండె ఆరోగ్యం గూర్చి నాలుగు మంచి మాటలు చెప్పి వెళ్లిపోతాను" అన్నాడు. ఆరోగ్యం గూర్చి చెబుతానంటే కాదనేదేముంది? సరేనన్నాను.

అతడు బల్లమీద ఒక గాజు గ్లాసు పెట్టి నీళ్లు పోశాడు. జేబులోనుంచి చిన్న సీసా తీసి టింక్చర్ అయొడిన్ నాలుగు చుక్కలు వేశాడు. నీళ్లు గోధుమరంగుకు తిరిగాయి. "మీ రక్తం ఇలా తయారైంది. పొగ, దుమ్ము, పురుగుమందులు, నూనె వంటలు దీన్ని ఇలా చేశాయి. ఇప్పుడు చూడండి" అంటూ ఒక గొట్టం మాత్ర విప్పి పొడి వేసి చెంచాతో తిప్పాడు. చూస్తుండగానే నీళ్లు తేటబడ్డాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. పెద్దలు "ఆహా" అన్నారు. నేనూ అన్నాను.

ఆ మాత్ర పేరు యాంటీఆక్సిడెంట్. డబ్బా 2,800 రూపాయలు, నెలకు సరిపోతుంది. గుండె జబ్బు రాదు, ముసలితనం నెమ్మదిగా వస్తుంది, మరో ఇద్దరిని చేర్పిస్తే మీకు కమీషన్ కూడా వస్తుంది అని అతడు చెప్పాడు. ఆ రోజు పదకొండు డబ్బాలు అమ్ముడుపోయాయి. పన్నెండవది నేను కొన్నాను. మా నాన్నగారు యాభై రెండేళ్లకే గుండెపోటుతో పోయారు. నాకు అప్పటికి నలభై నాలుగు నిండాయి. ఆ భయం నాలో ఉన్నది.

నేను చేసిన తప్పు

ఆ పదకొండు డబ్బాలలో ఒకటి మా సంఘంలోని ఒక విధవరాలు కొన్నారు. వయస్సు అరవై నాలుగు. పాటల సమయంలో కంజీర వాయించేది ఆమే. ఆమె చెయ్యి పడితే గాని మా సంఘంలో పాట లేవదు. ఆమెకు తొమ్మిదేళ్లుగా బి.పి. ఉన్నది, రోజూ ఒక బిళ్ల వేసుకునేవారు.

రెండు వారాల తరువాత గుడి మెట్ల దగ్గర ఆమె నన్ను అడిగారు. "అయ్యగారూ, ఇది వేసుకుంటే ఇక ఇంగ్లీషు బిళ్ల అక్కరలేదంటున్నారు. మానెయ్యనా?" ఎవరో నాకోసం ఎదురుచూస్తున్నారు, నేను తొందరలో ఉన్నాను. "అంతా మంచికేలెండి అమ్మా, ప్రార్థన చేసుకోండి" అని వెళ్లిపోయాను. ఆ మాటలో నేను అవుననలేదు, కాదనలేదు. ఆమె మాత్రం అవుననే తీసుకున్నారు. పాస్టరు నోట వచ్చిన మాట కదా!

నాలుగు నెలలు గడిచాయి. ఒక తెల్లవారుజామున ఆమె కోడలు ఫోను చేసింది. మూతి పక్కకు పోయింది, కుడి చెయ్యి లేవడం లేదు, మాట ముద్దగా వస్తోంది. 108 వచ్చింది. ఏలూరులో ఒక ఆసుపత్రికి తీసుకువెళ్లాము. బి.పి. చూస్తే 210 మీద 120. డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న, "బి.పి. బిళ్ల ఎప్పుడు మానేశారు?" కోడలు నా ముఖం చూసింది. నేను నేల చూశాను.

బిళ్ల మానినందువల్లే పక్షవాతం వచ్చిందని ఎవరూ ఖాయంగా చెప్పలేరని ఆ డాక్టరు గారే అన్నారు. వేసుకునేవారికి కూడా ఒక్కొక్కసారి వస్తుంది. అయితే రక్తపోటు అంత పైకి పోయి, అన్ని నెలలు అట్లాగే ఉంటే ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుందన్నది అందరికీ తెలిసిన సంగతి. దేవుని కృపవల్ల ఆమె బ్రతికారు. కుడి చెయ్యి మాత్రం ఇంకా సరిగా రాలేదు.

నేను చదివింది వేదాంత డిప్లొమా. వైద్యం చదవలేదు. అయినా ఆ రోజు తరువాత ఈ మాత్రల గూర్చి తెలిసిన డాక్టర్లను అడిగాను, దొరికినంత చదివాను. నేను తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాను. మన సంఘాలలో ఈ డబ్బాలు కొనని ఇల్లు తక్కువ గనుక ఇది మీకు పనికివస్తుందని నా నమ్మకం.

అసలు ఈ యాంటీఆక్సిడెంట్ అంటే ఏమిటి?

ముందుగా ఒక్క మాట. ఆ సహోదరుడు చెప్పినదంతా అబద్ధం కాదు. అందుకే మనం నమ్మాము.

వంకాయ కోసి పక్కన పెడితే ముక్కలు నల్లబడతాయి. ఇనుప గునపం వానలో వదిలేస్తే తుప్పు పడుతుంది. గాలిలోని ప్రాణవాయువు వాటిమీద పనిచేయడమే కారణం. మన శరీరంలో కూడా అన్నం అరిగి శక్తిగా మారేటప్పుడు ప్రాణవాయువునుండి కొన్ని చురుకైన అణువులు పుడతాయి. వాటిని ఫ్రీ రాడికల్స్ అంటారు. అవి పక్కనున్న వాటినుండి ఎలక్ట్రాన్లను లాగుకొని వాటిని పాడుచేస్తాయి. అట్లా పాడు కాకుండా అడ్డుపడే పదార్థాలే యాంటీఆక్సిడెంట్లు. విటమిన్ సి, విటమిన్ ఇ, క్యారట్‌కు రంగునిచ్చే బీటా కెరోటిన్ వీటిలో ముఖ్యమైనవి. వంకాయ ముక్కలకు నిమ్మరసం పూస్తే నల్లబడకుండా ఉండడం ఇట్టి పనే.

1956లో అమెరికాలో డెన్హామ్ హార్మన్ అనే శాస్త్రవేత్త, ముసలితనానికి ఈ ఫ్రీ రాడికల్సే కారణం కావచ్చునని ఒక సిద్ధాంతం చెప్పాడు. తరువాత, రక్తంలోని చెడ్డ కొలెస్ట్రాల్ ఇట్లా పాడైనప్పుడే రక్తనాళాల గోడలలో పేరుకుంటుందని మరికొందరు చూపించారు. 1993లో అమెరికాలో 87 వేల మందికి పైగా నర్సులను గమనించిన ఒక పరిశీలనలో, విటమిన్ ఇ మాత్రలు వేసుకునేవారిలో గుండె జబ్బు తక్కువగా కనిపించింది. ఇంకేముంది? ప్రపంచమంతా ఈ మాత్రల అమ్మకం ఊపందుకుంది.

అయితే ఒక చిక్కు ఉన్నది. విటమిన్ మాత్రలు కొనుక్కొని వేసుకునేవారు మామూలుగానే జాగ్రత్తపరులు. వాళ్లు పొగ త్రాగరు, నడుస్తారు, కూరగాయలు తింటారు. మరి మేలు చేసింది మాత్రా, ఆ జాగ్రత్తా? ఇది తేలాలంటే ఒక్కటే దారి. వేలమందిని తీసుకొని, చీటీలు వేసినట్లు రెండు భాగాలు చేసి, ఒక భాగానికి అసలు మాత్ర, ఇంకో భాగానికి అట్లాగే కనబడే ఉత్తి మాత్ర ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చారో వారికి తెలియనివ్వకుండా ఏళ్ల తరబడి చూడాలి. అట్లా చూశారు కూడా.

పరీక్షలో ఏమి తేలింది?

ఫిన్లాండ్ దేశంలో పొగ త్రాగే మగవారు 29,133 మందికి 5 నుండి 8 ఏళ్లు విటమిన్ ఇ, బీటా కెరోటిన్ ఇచ్చి చూశారు. వారి ఊపిరితిత్తులకు కేన్సర్ రాకుండా కాపాడాలని వారి ఆశ. 1994లో ఫలితం వచ్చింది. బీటా కెరోటిన్ వేసుకున్నవారిలో ఊపిరితిత్తుల కేన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. అమెరికాలో 18 వేల మందికి పైగా, అంటే పొగ త్రాగేవారికి, ఇదివరకు త్రాగినవారికి, ఆస్‌బెస్టాస్ దుమ్ములో పనిచేసినవారికి బీటా కెరోటిన్, విటమిన్ ఎ కలిపి ఇచ్చిన ఇంకో పరీక్షను 1996లో మధ్యలోనే ఆపవలసి వచ్చింది. అక్కడ కేన్సర్ 28 శాతం, మరణాలు 17 శాతం ఎక్కువయ్యాయి. చుట్టలు కాల్చే తాతలు ఎందరో ఉన్న ప్రాంతం మనది. ఈ సంగతి వారు ముఖ్యంగా తెలుసుకోవాలి.

ఇక గుండె సంగతి. 2000లో వెలువడిన హోప్ అనే పరీక్షలో గుండె జబ్బుగాని, షుగరుతో పాటు ఇంకో ప్రమాద లక్షణంగాని ఉన్న 9 వేల మందికి పైగా విటమిన్ ఇ 400 యూనిట్ల చొప్పున నాలుగున్నరేళ్లు ఇచ్చి ఉత్తి మాత్రతో పోల్చారు. గుండెపోటులో గాని, పక్షవాతంలో గాని, మరణాలలో గాని తేడా లేదు.

నన్ను అన్నిటికంటె ఆలోచింపజేసినది ఇంగ్లండులో 20,536 మందిమీద జరిగి 2002లో వెలువడిన పరీక్ష. అందులో ఒకే మనుష్యుల మీద రెండు రకాల మాత్రలను పరీక్షించారు. ఒకటి విటమిన్ ఇ, సి, బీటా కెరోటిన్ కలిపినది. రెండవది కొలెస్ట్రాల్ తగ్గించే సిమ్వస్టాటిన్ అనే మామూలు బిళ్ల. అయిదేళ్ల తరువాత లెక్కలు చూస్తే, కొలెస్ట్రాల్ బిళ్ల వేసుకున్నవారిలో గుండెపోట్లు, పక్షవాతాలు దాదాపు నాలుగవ వంతు తగ్గాయి. విటమిన్ల మాత్ర వేసుకున్నవారిలో ఏమీ తగ్గలేదు. పని చేసే బిళ్ల ఏదో, పని చేయని బిళ్ల ఏదో ఒకే పరీక్షలో తేలిపోయింది.

ఆ తరువాత అమెరికాలో 14,641 మంది మగ డాక్టర్లే తమమీద తాము పరీక్ష చేయించుకున్నారు. 2008లో వచ్చిన ఫలితం ప్రకారం విటమిన్ ఇ, సి రెండూ గుండెకు మేలు చేయలేదు. పైగా విటమిన్ ఇ వేసుకున్నవారిలో మెదడులో రక్తనాళం చిట్లడం ఎక్కువగా కనిపించింది. 35 వేల మందికి పైగా మగవారిమీద జరిగిన మరో పరీక్షలో విటమిన్ ఇ వేసుకున్నవారికి ప్రొస్టేట్ గ్రంథి కేన్సర్ 17 శాతం ఎక్కువ వచ్చినట్లు 2011లో తేలింది. 2022లో అమెరికా ప్రభుత్వపు నిపుణుల సంఘం, గుండె జబ్బు, కేన్సర్ రాకుండా ఉండడానికని విటమిన్ ఇ గాని, బీటా కెరోటిన్ గాని వేసుకోవద్దని సలహా ఇచ్చింది.

ఎందుకు ఇట్లా అయింది?

నాకు అర్థమైనంతలో చెబుతాను. ఫ్రీ రాడికల్స్ అన్నీ శత్రువులు కావు. మన రక్తంలోని తెల్లకణాలు రోగక్రిములను చంపేది వాటితోనే. మనం నడిచినప్పుడు, చేలో పనిచేసినప్పుడు కండరాలలో అవి కొంచెం పుడతాయి. అవి పుట్టడం చూసే శరీరం తన సొంత రక్షణను బలపరచుకుంటుంది. 2009లో జర్మనీ శాస్త్రవేత్తలు కొందరు యువకులచేత నాలుగు వారాలు వ్యాయామం చేయించారు. సగంమందికి రోజూ 1,000 మిల్లీగ్రాముల విటమిన్ సి, 400 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చారు. మాత్రలు వేసుకోనివారి శరీరంలో ఇన్సులిన్ బాగా పనిచేసింది. వేసుకున్నవారిలో వ్యాయామంవల్ల రావలసిన ఆ మేలు రాలేదు. కాపలావాడిని లేపే గంటను మనమే కట్టేసినట్లయింది!

ఇక గ్లాసులోని అద్భుతం మాటేమిటి? విటమిన్ సి కలిస్తే అయొడిన్ రంగు పోతుంది. అది పదవ తరగతి ప్రయోగశాలలో చేయించదగిన చిన్న ప్రయోగం. మొన్న యవ్వనస్థుల కూటంలో నేనే చేసి చూపించాను. మా పెరటి చెట్టు నిమ్మకాయ కోసి రసం పిండాను. 2,800 రూపాయల డబ్బా చేసిన పనే ఆ నిమ్మకాయ కూడా చేసింది. నీళ్లు తేటబడ్డాయి. కాని గ్లాసు మన రక్తనాళం కాదు, అయొడిన్ మన రోగం కాదు. ఆ రోజు నేను అడగవలసిన ప్రశ్న అది. అడగలేదు.

మన పెదవేగి తోటలలో

యాంటీఆక్సిడెంట్ల కోసం మనం దూరం పోనక్కరలేదు. ఏలూరు నుండి పెదవేగి వచ్చే దారిపొడుగునా ఆయిల్‌పామ్ తోటలే. ఆయిల్‌పామ్ మీద పరిశోధనకు 1995లో జాతీయ పరిశోధనా కేంద్రం వెలసింది మన పెదవేగిలోనే. అదే ఈనాడు భారత ఆయిల్‌పామ్ పరిశోధనా సంస్థ. ఆ గెలలనుండి అప్పుడే తీసిన నూనె ఎర్రగా ఉంటుంది. ఆ ఎరుపు కెరోటిన్లది. కిలో నూనెలో 500 నుండి 700 మిల్లీగ్రాముల వరకు ఉంటాయి. విటమిన్ ఇ జాతికి చెందిన టోకోట్రయినాల్స్ కూడా అందులో పుష్కలం. నూనెను శుద్ధిచేసి తెల్లగా మార్చేటప్పుడు కెరోటిన్లు దాదాపు అన్నీ పోతాయి. మనం దుకాణంలో కొనే పామాయిల్‌లో ఆ ఎరుపు కనబడకపోవడానికి కారణం అదే. ఇదే నూనెనుండి తీసిన టోకోట్రయినాల్ మాత్రలను గుండెకు మంచివని ఖరీదుగా అమ్ముతారు.

అయితే ఎర్రని పామాయిల్ గుండెకు ఔషధమా? కాదు. కంటిచూపుకు అవసరమైన విటమిన్ ఎ లోపం ఉన్న పిల్లలకు ఆ కెరోటిన్ ఉపయోగపడుతుంది. కాని ఆ నూనెలో సగం దాకా సంతృప్త కొవ్వు. ఎక్కువైతే అది చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. ఒకే సీసాలో మేలు చేసేదీ ఉన్నది, మితం తప్పితే కీడు చేసేదీ ఉన్నది. డబ్బామీద ఒక పేరు చూసి మురిసిపోకూడదనడానికి మన తోటే సాక్ష్యం.

ఆయిల్‌పామ్, కొబ్బరి తోటలలో అంతరపంటగా వేసే కోకో సంగతి చూడండి. చాక్లెట్ గుండెకు మంచిదని పేపర్లలో చదివే ఉంటారు. కోకో గింజలనుండి తీసిన ఫ్లవనాల్స్ రోజుకు 500 మిల్లీగ్రాముల చొప్పున మాత్రలుగా అమెరికాలో 21,442 మంది పాల్గొన్న పరీక్షలో ఇచ్చారు. 2022లో ఫలితం వచ్చింది. గుండె జబ్బు, పక్షవాతం వంటివన్నీ కలిపి చూస్తే, తగ్గాయని నమ్మకంగా చెప్పగలిగే తేడా లేదు. గుండె జబ్బుతో సంభవించే మరణాలు మాత్రం 27 శాతం తక్కువగా కనిపించాయి. అది ఆశ కలిగించే సంగతే గాని, ముఖ్యమైన ప్రశ్నకు వచ్చిన జవాబు కాదు, ఇంకా పరీక్షించి చూడాలి అని పరిశోధకులే అన్నారు. చక్కెర, కొవ్వు కలిపిన చాక్లెట్ బిళ్లకు ఈ లెక్క అసలే వర్తించదు.

ఇక మన జామకాయ. వంద గ్రాముల జామకాయలో 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది. మన దేశపు లెక్కల ప్రకారం పెద్దవారికి రోజుకు కావలసింది 80 మిల్లీగ్రాముల లోపే. అంటే ఒక చిన్న జామకాయ తింటే ఆ రోజుకు చాలు. పైగా అందులో పీచు ఉంటుంది, ఇంకా ఎన్నో పదార్థాలు ఒకదానికొకటి తోడుగా ఉంటాయి. తోటకూర, మునగాకు, గోంగూర, ఉసిరి, బొప్పాయి అన్నీ ఇంతే. పండ్లు, కూరగాయలు బాగా తినేవారిలో గుండె జబ్బు తక్కువని ఎన్నో దేశాల పరిశీలనలలో కనబడింది. అందులోనుంచి ఒక్క పదార్థాన్ని వేరుచేసి మాత్రగా చుట్టి ఇస్తే ఆ మేలు రాలేదు. గాయక బృందంలోనుంచి ఒక్క గొంతునే తీసుకువచ్చి, పాటంతా వినిపించమన్నట్లు ఉన్నది మన ఆశ!

మరి విటమిన్ మాత్రలన్నీ దండగేనా?

కాదు, కాదు. ఇక్కడ జాగ్రత్తగా చదవండి. లోపం ఉన్నచోట విటమిన్ మాత్ర ప్రాణం నిలుపుతుంది.

మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని జ్ఞాపకం చేసుకోండి. అమెరికా వెళ్లి, అక్కడి లెడర్లీ ప్రయోగశాలలో తన బృందంతో కలిసి 1940లలో ఫోలిక్ ఆమ్లాన్ని వేరుచేసి, కృత్రిమంగా తయారుచేసే విధానం కనుగొన్న మహనీయుడాయన. ఈనాడు ప్రతి గర్భిణీ స్త్రీకి ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ మాత్రలో ఆ ఫోలిక్ ఆమ్లం ఉన్నది. బిడ్డ వెన్నెముక సరిగా ఏర్పడడానికి అది అవసరం. దానిని ఎవరూ మానకూడదు. అట్లాగే పిల్లలకు పోసే విటమిన్ ఎ చుక్కలు, బి12 లోపమని రక్తపరీక్షలో తేలినవారికి ఇచ్చే మందు, కొన్ని కంటి జబ్బులకు కంటి డాక్టరు వ్రాసే విటమిన్లు మానవద్దు.

ఫోలిక్ ఆమ్లాన్ని గుండెకోసం కూడా పరీక్షించారు. 2006లో వచ్చిన ఒక పరీక్షలో 5,522 మందిలో సగంమందికి ఫోలిక్ ఆమ్లం, బి6, బి12 ఇచ్చారు. రక్తంలో హోమోసిస్టీన్ అనే పదార్థం అనుకున్నట్లే తగ్గింది. కాని గుండెపోట్లు తగ్గలేదు. రిపోర్టు మారింది, రోగం మారలేదు. అదే చైనాలో, ఆహారంలో ఫోలిక్ ఆమ్లం తక్కువగా దొరికే చోట, 20,702 మంది బి.పి. రోగులకు బి.పి. బిళ్ల ఇచ్చి, అందులో సగంమందికి దానితోపాటు ఫోలిక్ ఆమ్లం కలిపి ఇచ్చారు. మొదటిసారి వచ్చే పక్షవాతాలు 21 శాతం తగ్గినట్లు 2015లో ప్రకటించారు. గమనించారా? లోపం ఉన్నవారికి ఇచ్చారు. బి.పి. బిళ్లతో పాటు ఇచ్చారు. బి.పి. బిళ్ల మాన్పించి ఇవ్వలేదు. నేను ఆ రోజు గుడి మెట్లమీద ఆ అమ్మకు చెప్పవలసిన మాట ఇంతే.

మన గుండె మననుండి కోరేది

గుండె జబ్బు పట్నంవాళ్లదని ఇంకా అనుకునేవారున్నారు. మన ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో 2003, 2004లలో ఒక ఏడాదిపాటు జరిగిన మరణాలను పరిశోధకులు ఇంటింటికీ వెళ్లి విచారించారు. మొత్తం 1,354 మరణాలు. అందులో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవల్లనే. గుండెపోటు, పక్షవాతం ఇంచుమించు సమానం. అంటువ్యాధులవల్ల పోయినవారు 12 శాతమే. ఇది ఇరవై ఏళ్ల క్రిందటి మాట, అదీ మన పల్లెలలోనే.

మరి ఏమి చేయాలి? డాక్టర్లు నాకు చెప్పినవి, నేను ఆచరించ ప్రయత్నిస్తున్నవి ఇవి.

1. ముప్పై ఏళ్లు దాటిన ప్రతివారు బి.పి., షుగరు చూపించుకోవాలి. బి.పి. చాలామందిలో ఏ బాధా పెట్టదు. తలనొప్పి లేదు గనుక బి.పి. లేదనుకోవద్దు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పరీక్షా ఉచితమే, బిళ్లలూ ఉచితమే.

2. వ్రాసిచ్చిన బిళ్ల డాక్టరు చెప్పకుండా మానవద్దు. "ఇప్పుడు నార్మల్‌గా ఉంది కదా" అని మానేవారే ఎక్కువ. నార్మల్‌గా ఉన్నది ఆ బిళ్ల వేసుకుంటున్నందువల్లే.

3. చుట్ట, బీడీ, సిగరెట్, ఖైనీ మానాలి. దీనికి సాటివచ్చే మాత్ర ఏ డబ్బాలోనూ లేదు.

4. ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచా. ఆవకాయ, అప్పడం, ఎండుచేప మన బలహీనతలు. కొల్లేటి పచ్చిచేప పులుసు మంచిదే. ఎండబెట్టి ఉప్పు పట్టించిన చేపతోనే చిక్కు.

5. కూరలు, పండ్లు కలిపి రోజుకు 400 గ్రాములకు తక్కువ కాకుండా తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పళ్లెంలో అన్నం కొండంత, కూర గోరంత ఉండే మన అలవాటు తిరగబడాలి.

6. రోజుకు అరగంట, వారానికి అయిదు రోజులు చురుకుగా నడవాలి.

7. మూతి వంకర పోవడం, చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం కనబడితే వెంటనే 108కు ఫోను చేయాలి. రక్తం గడ్డవల్ల వచ్చిన పక్షవాతానికి ఇచ్చే ఇంజక్షను నాలుగున్నర గంటలలోపే పనిచేస్తుంది. తెల్లవారనీ, చూద్దామనీ ఆగవద్దు.

డబ్బా అమ్మవచ్చినవారి విషయంలో కూడా ఒక మాట. డబ్బాను తిప్పి చదవండి. ఇట్టి వాటిమీద ఇది మందుగా వాడేందుకు కాదని అచ్చువేయాలని 2016 నాటి నిబంధన ఉన్నది. గుండె జబ్బు, రక్తపోటు, షుగరు నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. డబ్బామీద అచ్చువేయలేని మాటను మనిషి నోటితో చెబుతున్నాడంటే ఎందుకో ఆలోచించండి. విటమిన్ ఇ ఎక్కువ మోతాదులో వేసుకుంటే రక్తం పలచబడే మందులతో కలిసి రక్తస్రావం కలిగించవచ్చు గనుక, ఇప్పటికే వేసుకుంటున్నవారు ఆ డబ్బాను మీ డాక్టరుకు తప్పక చూపించండి.

చివరిగా

ఆమె ఆసుపత్రినుండి ఇంటికి వచ్చిన వారం నేను వెళ్లి కూర్చున్నాను. "అమ్మా, ఆ రోజు మీరు అడిగినప్పుడు నేను సరిగా జవాబు చెప్పలేదు. నన్ను క్షమించండి" అన్నాను. ఆమె ఎడమ చేతితో నా చెయ్యి పట్టుకొని, "మీకేం తెలుసయ్యగారూ, మీరేమైనా డాక్టరా?" అన్నారు. ఓదార్చడానికే ఆ మాట అన్నారు. కాని నేను నేర్చుకోవలసిన పాఠం కూడా ఆ మాటలోనే ఉన్నది. నాకు తెలియదు. తెలియనప్పుడు "తెలియదమ్మా, డాక్టరు గారిని అడుగుదాం పదండి" అని చెప్పడానికి నాకు ఎందుకు నోరు రాలేదు? అపొస్తలుడైన పౌలు ప్రయాణాలలో లూకా అనే వైద్యుడు తోడున్నాడు. ప్రార్థించే మనిషి పక్కన వైద్యుడు ఉండడం విశ్వాసానికి తక్కువ కాదు.

ఇప్పుడు మా సంఘంలో ఆశీర్వాదం తరువాత ఎవరి సరుకూ అమ్మనివ్వడం లేదు. దానికి బదులు నెలకొక ఆదివారం ఆరోగ్య కేంద్రంనుండి నర్సమ్మగారు వచ్చి అందరికీ బి.పి. చూస్తున్నారు. మొదటి నెలలోనే తమకు బి.పి. ఉన్నదని తెలియనివారు ఆరుగురు బయటపడ్డారు. వారిలో నేనూ ఒకడిని. ఏడాదికి పైగా రోజూ యాంటీఆక్సిడెంట్ మింగుతూ, నాకేమీ రాదని ధైర్యంగా తిరిగాను గాని, ఒక్కసారైనా చెయ్యి చాచి బి.పి. చూపించుకోలేదు. ఇప్పుడు రోజూ ఉదయం ఒక చిన్న తెల్ల బిళ్ల వేసుకుంటున్నాను. మా ఇంట్లో మిగిలిన ఆ డబ్బా నా బల్లమీదే ఉన్నది, జ్ఞాపకంగా.

ఆ అమ్మగారు గత క్రిస్మసుకు గుడికి వచ్చారు. కంజీర ఆమె ఒడిలో పెట్టాము. ఎడమ చేతితో వాయించారు. తాళం అక్కడక్కడ తప్పింది, అయినా సంఘమంతా ఆ తాళానికే పాడింది.

ఈ పత్రిక పక్కన పెట్టేముందు మీ ఇంట్లో పెద్దలను ఒక్క మాట అడగండి: "ఈ రోజు బిళ్ల వేసుకున్నారా?"

దేవుడు మీకును మీ కుటుంబములకును ఆరోగ్యము అనుగ్రహించును గాక.